పాటలో ఒక్క 'ష'

2008 సెప్టెంబరు 14, ఆదివారం

మా ఆవిడ జిస్లేన్ మంగళవారం పోయింది. ఆ రోజు ఎలా గడిచిందో రాసి పెట్టుకుంటున్నాను.

ఉదయం ఎనిమిదికి ఆసుపత్రికి వెళ్లాను. వాన. ట్రామ్ ఆలస్యంగా వచ్చింది. ఆమె మేలుకునే ఉంది. కాళ్లు చల్లబడ్డాయంది. మేజోళ్లు తొడిగాను. నర్సు కాఫీ తెచ్చింది. ఒక గుక్క తాగి, చికోరీ వెయ్యకుండా ఇదేం కాఫీ, ప్యారిస్ వాళ్లు కాచినట్టుంది అని మూతి తిప్పింది. తర్వాత నిద్రపోయింది. పదకొండుకి డాక్టర్ నన్ను బయటికి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. మా అమ్మాయి సబీన్‌కి ఫోన్ చేశాను. నాంత్ నుంచి వెంటనే బయలుదేరానంది.

మధ్యాహ్నం జిస్లేన్ కళ్లు తెరిచి, భోంచేశావా అని అడిగింది. చేశానన్నాను. చెయ్యలేదు. అయితే ఏం తిన్నావో చెప్పు అంది. నేను ఆలోచించేలోపు మళ్లీ నిద్రలోకి వెళ్లింది. నాలుగు దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. తర్వాతి ఊపిరి కోసం చూస్తూ కూర్చున్నాను. రాలేదు.

సబీన్ ఆరింటికి చేరింది.

శుక్రవారం పూడ్చాం. ఆమె గాయక బృందం వాళ్లు పాడారు. నేను పాడలేదు. నాకు పాట రాదు.

సెప్టెంబరు 17, బుధవారం

సబీన్ వెళ్లిపోయింది. ఫ్రిజ్ నిండా సూప్ డబ్బాలు.

సెప్టెంబరు 28, ఆదివారం

రొట్టెల దుకాణం దగ్గర రోజ్‌లిన్ కనిపించింది. బృందాన్ని నడిపేది ఆవిడే. బడి భోజనశాలలో ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అదిలించి తినిపించిన గొంతు. సినిమా ఎడిటింగ్ అయిపోవచ్చిందట. మీకు చెబితే బాగుంటుందో బాగుండదో తెలియక చెబుతున్నాను అంది. బాగుందన్నాను.

ఆ సినిమా సంగతి ఇక్కడ రాసుకోలేదు. మేలో వచ్చారు వాళ్లు. కథ 1934లో ప్యారిస్ పక్కన పాంతాన్‌లో జరుగుతుంది. ఆ కాలపు నాటకశాల అక్కడ ఒక్కటీ మిగల్లేదు. ఉత్తరాన మా రూబేలో మిగిలింది. బాగుచేయించడానికి ఎవరి దగ్గరా డబ్బు లేకపోవడం వల్ల మిగిలింది. అవే ఎర్ర కుర్చీలు, గోడల మీద ముక్కులు విరిగిన అవే దేవదూతలు. వీధి జనంగా కనిపించి పాడేందుకు మా గాయక బృందాన్నే తీసుకున్నారు. నూలు మిల్లులోంచి, ట్రామ్ డిపోలోంచి రిటైరైన ఆడా మగా. జిస్లేన్‌కి చాకలి వేషం. నీలం ఏప్రన్. రోజూ ఇంటికొచ్చి ఆ ఏప్రన్ గురించే చెప్పేది. జూన్‌లో జబ్బు బయటపడింది.

పాట పల్లవి ఇది: సరే సరే, ఆదివారం ఉందిగా.

చిక్కంతా అక్కడే. రూబే నాలుక మీద 'స' నిలవదు. 'ష' అయిపోతుంది. పాంతాన్ జనం 'షరే షరే' అనకూడదు కదా. పాములా బుస కొట్టండమ్మా అని రోజ్‌లిన్ ప్రతి టేక్ ముందూ వెనక్కి తిరిగి అరిచేదట. జిస్లేన్ ఆవిణ్ణి అనుకరిస్తూ వంటింట్లో బుసలు కొట్టేది.

నాది తూర్ పట్టణం. దేశంలో అందరికంటే స్వచ్ఛంగా మాట్లాడేది మేమేనని పేరు. ఆ పేరు పట్టుకుని ఈ ఊరు నలభై ఏళ్లుగా నన్ను ఏడిపిస్తోంది. ఇక్కడివాళ్ల మాటలు రాసేటప్పుడు ఆ 'ష'లు నేను పెట్టను. నా చెవి ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది.

అక్టోబరు 11, శనివారం

రోజ్‌లిన్ ఇంటికి వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది.

ప్యారిస్ నుంచి మ్యూరియెల్ ఫోన్ చేసిందట. సినిమా శబ్దం చూసేది ఆవిడ. చివరి పాటలో ఒక ఆడగొంతు మిగతా వాటి మీదికి తేలుతోందట. ఆ గొంతు 'స' అనడం లేదు. అందుకని పల్లవి మళ్లీ పాడించాలనుకుంటున్నారు. అదే హాల్లో, అదే జనంతో.

ఎవరి గొంతో నేను చెప్పక్కర్లేదు కదండీ అంది రోజ్‌లిన్. నేను వందసార్లు చెప్పాను దానికి, నాలుక పళ్ల వెనక పెట్టవే తల్లీ అని, ఒక్కసారి విన్లేదు అంది. చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మ్యూరియెల్ ఇంకో మాట కూడా చెప్పమందట. దర్శకుడికి సంగతి తెలుసు. భర్త వద్దంటే ఆ పాటను ముట్టుకోం, ఉన్నది ఉన్నట్టే పెడతాం. ఇరవై ఐదున మీ ఊళ్లోనే సినిమా వేసి చూపిస్తాం. చూసి చెప్పమనండి.

అక్టోబరు 12, ఆదివారం

కొత్తగా పాడితే ఆ పాటలో జిస్లేన్ ఉండదు. అంతే విషయం.

అక్టోబరు 16, గురువారం

మొరిస్ నన్ను బీరు కొట్టుకి లాక్కెళ్లాడు. ట్రామ్ నడిపిన మనిషి. బృందంలో మంద్రస్థాయి గొంతు. టీవీలో బ్యాంకులు కూలుతున్న వార్తలు. మొరిస్ దాన్ని కట్టేయించాడు. మన దగ్గర కూలడానికి ఏముందిరా, మనకెందుకు అని కొట్టువాణ్ణి కసిరాడు.

తర్వాత నా మీద పడ్డాడు. ఏం ప్రొఫెసరూ, నువ్వు చరిత్ర చెప్పినవాడివేనా అన్నాడు. విను, ఇక్కడ మిల్లు మూసేస్తే మా నాయనమ్మ పొట్ట చేతపట్టుకుని పాంతాన్ పోయింది. పన్నెండేళ్లు అక్కడ ఇళ్లలో పనిచేసింది. రైలు దిగినచోట స్టేషన్లో పాత నాలుక తీసుకుని కొత్త నాలుక ఇచ్చారనుకున్నావా? పాంతాన్ నిండా మా 'ష'లే ఉండేవి. జిస్లేన్ గొంతు అక్కడ ఉండాల్సిన గొంతే. ఆ ప్యారిస్ పిల్లకి అదే చెప్పు, చెప్పి ఫోన్ పెట్టెయ్.

నిజమే. చరిత్ర ప్రకారం అతను చెప్పిందే సరి. సినిమా చూశాక చెబుతానన్నాను.

నీకు సినిమా కావాలా పెళ్లాం కావాలా అన్నాడు. కొట్టువాడు గ్లాసు తుడవడం ఆపి మా వైపు చూశాడు. మొరిస్ తల గోక్కుని, నోరు జారింది, ఈ బీరు నాది అన్నాడు.

అక్టోబరు 25, శనివారం

సినిమా పేరు 'ఆదివారం మిగిలే ఉంది'.

తప్పులు ఏరడానికి జేబులో పెన్సిల్, కాగితం పెట్టుకుని వెళ్లాను. చరిత్ర మేష్టార్ల రోగం అది. మొదటి పది నిమిషాల్లో ఒకటి దొరికింది. గోడ మీది పోస్టర్ రెండేళ్ల తర్వాతిది. రాసుకున్నాను. తర్వాత పెన్సిల్ ఎక్కడ జారిందో తెలియదు.

పాంతాన్‌లో పియానోల ఫ్యాక్టరీ మూతపడుతుంది. జీతాలు బాకీ. డబ్బుకి బదులు మనిషికో పియానో తీసుకుపొమ్మంటారు. పియానో తింటామా అని ఒకడు అరుస్తాడు. అమ్ముడుపోని పియానోలు వాకిట్లో టార్పాలిన్ల కింద ఉంటాయి. వాటికి శ్రుతి చేసే ఓక్తావ్ రోజూ పొద్దున్నే వెళ్లి అన్నిటికీ శ్రుతి చేస్తుంటాడు. కొనేవాడు లేడు. చేస్తూనే ఉంటాడు. అతని భార్య లియోంటిన్ ఇరుగుపొరుగు వాళ్లతో ఒక పియానోని తోపుడుబండి ఎక్కించి, ఆదివారాలు వీధుల వెంట పాడుకుంటూ తిరుగుతుంది.

సూప్ కోసం నిలబడ్డ వరుస ఒకటి ఉంది. వాన. అందరి చేతుల్లో గిన్నెలు. ఒక ముసలాయన చెయ్యి వణుకుతుంటే అతని గిన్నె మూత టకటకమంటుంది. జనం తిరిగి చూస్తారు. అతను సిగ్గుపడి రెండో చేత్తో పట్టుకుంటాడు. ఆగదు. పక్కనున్న ఆవిడ, అతని వైపు చూడకుండానే, తన మూతని అదే లయలో కొట్టడం మొదలుపెడుతుంది. తర్వాత ఇంకొకడు. వరుసంతా. అది పాటైపోతుంది. మాటలు చాలాసేపటికి గానీ రావు. ఆ సంక్షోభం గురించి నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. నిరుద్యోగుల లెక్కలు బోర్డు మీద రాశాను. ఒక మనిషి వణుకుని కప్పిపెట్టడానికి వీధి మొత్తం మూతలు కొట్టవచ్చునని నాకు తట్టలేదు.

ఇంకొక పాట. తాకట్టు కొట్టుని మేము అత్తయ్య ఇల్లంటాం. లియోంటిన్ బట్టలు ఆరేస్తూ పాడుతుంది. గడియారం అత్తయ్యను చూసొస్తానని వెళ్లింది, కోటు చుట్టపు చూపుగా వెళ్లి అక్కడే తిష్ట వేసింది, పెళ్లినాటి దుప్పట్లు నిద్ర చెయ్యడానికి వెళ్లాయి, అత్తయ్యకు మా మీద ఎంత ప్రేమో అని. హాలంతా నవ్వింది. దండెం మీద ఆరేయడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. ఆ అమ్మాయి ఖాళీ దండెం మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే. పెద్ద నటి.

చివర్లో చలికాలం. పియానోలు కొట్టి పొయ్యిలోకి పంచాలని నిర్ణయిస్తారు. ముందురోజు సాయంత్రం వీధంతా హాల్లో చేరుతుంది. ఓక్తావ్ వాయిస్తాడు. వాయించి చేతులు పైకెత్తి అలాగే ఉంచుతాడు. నిశ్శబ్దం. అప్పుడు ముందు వరుసలో రొట్టెలమ్మే ఆవిడ వేషంలో రోజ్‌లిన్, తెర నిండా ఆవిడ ముఖం. పల్లవి అందుకుంటుంది. ఆవిడ వెంటే అందరూ, గొంతు తగ్గించి. కెమెరా ఎడమకి జరుగుతుంది. మూడో వరుసలో నీలం ఏప్రన్. ఒక ఊపిరి సేపు.

జిస్లేన్ నోరు తెరిచి ఉంది. ఆరోగ్యంగా ఉంది.

ఆ తగ్గించిన గొంతుల మధ్య 'షరే' అని స్పష్టంగా వినిపించింది. ఆమే. సందేహం లేదు.

మా వెనక, పక్కనున్న లీల్ నుంచి వచ్చిన కుర్రాళ్లెవరో నవ్వారు. అందులో చెడు ఏమీ లేదు. సొంత ఊరివాడు పరాయి ఊళ్లో ఎదురైతే నవ్వే నవ్వు. అయినా ఓక్తావ్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

దీపాలు వెలిగాక మ్యూరియెల్ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. తొందరేం లేదండీ, మీకు ఎలా అనిపిస్తే అలా అంది. సినిమా చాలా బాగుందని చెప్పాను. చాలా అనే మాట రెండుసార్లు అన్నాను.

అక్టోబరు 26, ఆదివారం

మ్యూరియెల్‌కి ఫోన్ చేశాను. మళ్లీ పాడించండి అన్నాను.

నిజంగానా అంది. నిజంగానే అన్నాను.

కారణం ఆవిడకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆ సినిమా వెయ్యి ఊళ్లలో ఆడుతుంది. వెయ్యి ఊళ్లలోనూ సరిగ్గా ఆ క్షణాన ఎవరో ఒకరు నవ్వుతారు. ఓక్తావ్ చేతులు గాలిలో ఉండగా. ఆ సినిమాకి అది తగదు. జిస్లేన్‌కీ తగదు. ఆమె మేలో పొద్దున్నే లేచి వెళ్లింది ఆ పాట కోసం. నేను తర్వాత వింటానని కాదు.

నవంబరు 1, శనివారం

పోయినవాళ్లను తలుచుకునే పండగ. శ్మశానంలో ఊరంతా. అందరి చేతుల్లో చామంతి కుండీలు. మేమూ పెట్టాం. సబీన్ పసుపువి తెచ్చింది.

మొరిస్ వాళ్లమ్మ సమాధి రెండు వరుసల అవతల. పలకరించకుండా దాటిపోబోయి ఆగాడు. ఒకసారి మట్టి పూడ్చింది, రెండోసారి నువ్వు పూడుస్తున్నావు అన్నాడు. సబీన్‌కి అర్థం కాలేదు. చెప్పాను. అమ్మ ఏమనేది అని అడిగింది. తెలియదన్నాను.

నవంబరు 15, శనివారం

అన్నీ వరసగా రాయాలి.

హాల్లో హీటర్లు లేవు. కోట్లు వేసుకునే పాడమన్నారు. మ్యూరియెల్, ఆవిడ సహాయకులు ఇద్దరు, ముందు మూడు మైకులు. మేలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబెట్టారు. మూడో వరుసలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఎవరూ చెప్పకుండానే వదిలారు. నేను చివరి వరుస కుర్చీలో కూర్చున్నాను. రావద్దనుకున్నాను. వచ్చాను. మొరిస్ కూడా పాడనని ఊరంతా చాటి, వచ్చాడు.

రోజ్‌లిన్ వెనక్కి తిరిగి, బుస కొట్టండమ్మా, పాంతాన్, పాంతాన్, ఈసారి తప్పు జరిగితే నెపం వెయ్యడానికి కూడా మనిషి లేదు అంది. ముక్కు తుడుచుకుంది. పాడారు. బాగా పాడారు. మ్యూరియెల్ రికార్డ్ చేసినది స్పీకర్లో వినిపించింది.

షరే షరే, ఆదివారం ఉందిగా.

అదే గొంతు. అదే చోట.

ఎవరూ కదల్లేదు. వెనక వరుసలో ఒకావిడ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. మొరిస్ గొంతు మాత్రం వినిపించింది. జిస్లేన్ వచ్చిందర్రా అన్నాడు. వేళాకోళానికి కాదు.

ఇంకోసారి వెయ్యమన్నాడు మొరిస్. వేసింది. ఈసారి అతను స్పీకర్‌ని వదిలేసి వరుసగా మనుషుల ముఖాలు చూస్తున్నాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగిపోయాయి. చెయ్యెత్తి రోజ్‌లిన్‌ని చూపించాడు. పాము దొరికింది అన్నాడు.

రోజ్‌లిన్ మండిపడింది. ఇక్కడ మాత్రం విన్నది విన్నట్టే రాయాలి. నేనా, నోరు పడిపోతుంది, బుద్ధుందా నీకు అంది. నేను 'ష' అనలేదు. 'ష' అన్నాను!

ముందు ఒకరిద్దరు నవ్వారు. తర్వాత బృందమంతా. పాపం ఆవిడ అటూ ఇటూ తిరిగి, ఎందుకర్రా ఇకిలింపు, నేనన్నది 'ష', విన్లేదా, 'ష' అని పళ్లు బిగించి మళ్లీ మళ్లీ అంటోంది. మ్యూరియెల్ ఆ ముక్క ఒక్కటే వేసి వినిపించింది. రోజ్‌లిన్ విని, ముందు వరుసలో కూర్చుండిపోయింది. ఎవరి నాలుక వాళ్లకు వినపడదు. మేలో ప్రతి టేక్‌కీ మమ్మల్ని తిట్టింది 'ష' అనమనే కదే అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. ఆవిడ మాత్రం నా వైపు చూస్తోంది. దాన్ని అన్నాను కదండీ, మీ ఇంటికొచ్చి మరీ అన్నాను అంది.

పర్లేదన్నాను. నేనూ అలాగే అనుకున్నానన్నాను. నలభై ఏళ్లు కాపురం చేసినవాణ్ని, తెర మీద విని, ఆమే, సందేహం లేదు అని ఈ పుస్తకంలో రాసుకున్నవాణ్ని.

అప్పుడు మ్యూరియెల్, ఇన్నాళ్లూ మూడు మైకులూ కలిపిందే విన్నాను అంటూ మే నాటి రికార్డింగ్ తీసింది. మూడు మైకుల్లో ఎడమది జిస్లేన్‌కి దగ్గర. అది ఒక్కటే ఉంచి మిగతావి కట్టేసింది. హెడ్‌ఫోన్స్ తెచ్చి నా చెవులకు పెట్టింది.

ముందు ఊపిరి. జిస్లేన్ ఎప్పుడూ పాడే ముందు ముక్కుతో కాస్త గట్టిగా పీల్చేది. తర్వాత గొంతు. సరే సరే.

'స'. పక్కా 'స'. ఎక్కడా జారలేదు. ఇంట్లో ఏనాడూ ఆమె నోట వినని 'స'.

మళ్లీ వెయ్యమన్నాను. గొంతు ఆమెదే. 'స' మాత్రం నాది.

మ్యూరియెల్ లెక్క ఇలా ఉంది. అటూ ఇటూ మైకుల్లో పాత పాట శుభ్రంగా ఉంది, దాన్నే ఉంచుకోవచ్చు. చెడింది రోజ్‌లిన్ ముందున్న మధ్య మైకు ఒక్కటే. కానీ అక్కడ తెర నిండా రోజ్‌లిన్ ముఖం ఉంది, వేరే మనిషి గొంతు పెడితే తెలిసిపోతుంది. వచ్చే శనివారం రెండింటికి రోజ్‌లిన్ ఒక్కతే వచ్చి ఆ పల్లవి 'స'తో పాడితే చాలు. పాత పాట నిలబడుతుంది, జిస్లేన్ అందులో ఉంటుంది. పాడలేకపోతే పాటంతా ప్యారిస్‌లో వేరే బృందంతో పాడించాల్సి వస్తుంది. అప్పుడు రూబే గొంతు ఒక్కటీ ఉండదు. ఇంతకంటే వాయిదా వెయ్యలేను, క్షమించండి అంది.

వారంలో ఈ వయసులో నాకు 'ష' ఎవరు నేర్పుతారు అంది రోజ్‌లిన్.

మొరిస్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. దేశంలోకెల్లా స్వచ్ఛమైన నాలుక మన ఊళ్లో ఊరికే తుప్పు పడుతోంది కదా అన్నాడు.

నవంబరు 16, ఆదివారం

మేలో రోజూ సాయంత్రం జిస్లేన్ పాట కాగితం నా చేతికిచ్చేది. కళ్లజోడు కనపడటం లేదు, నువ్వు చదివి పెట్టు అనేది. చదివేవాణ్ని. మళ్లీ చదవమనేది. దుంపల తొక్క తీస్తూ వినేది. ఇంత చిన్న పాట కంఠస్థం కావడానికి నెల పట్టిందేమిటా అనుకున్నాను.

ఆమెకు కావలసింది పాట కాదు.

కళ్లజోడు మెడలోనే వేలాడుతుండేది. నేను చూసి కూడా చదివేవాణ్ని.

నవంబరు 19, బుధవారం

రోజ్‌లిన్ సోమవారం నుంచి వస్తోంది. వంటింటి బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. మొదటిరోజు అంతా 'ష'. నేను కటువుగా ఉన్నాను. ఉద్యోగం చేసిన రోజుల్లో పిల్లలు నన్ను చూసి ఎందుకు జడిసేవారో ఇప్పుడు తెలిసింది అంది. మీ భోజనశాలలో మిమ్మల్ని చూసి జడిసిన పిల్లలే తర్వాత నా క్లాసుకి వచ్చేవారు, సగం పని మీరే చేసి పంపేవారు అన్నాను. బాగా నవ్వింది. అప్పుడు కాస్త నాలుక వదులైంది.

ఇవాళ చక్కెర టార్ట్ చేసి తెచ్చింది. ఒక 'స' పడింది. సూప్ అనబోయి సూప్ అనే అంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మళ్లీ అనండి అంటే షూప్ అయింది. ఆవిడ బల్ల మీద తల వాల్చి, మనల్ని ఇలా చూస్తే మీ ఆవిడ నవ్వి చచ్చేది అంది.

అన్నాక ముఖం తెల్లబోయింది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆవిడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. టార్ట్ మొత్తం తిన్నాం. సాయంత్రానికి పాట కాగితంలోని ఆరు పంక్తుల్లో నాలుగు 'స'తో చదవగలిగింది.

నవంబరు 20, గురువారం

చదివితే అన్నీ 'స'లే. మొరిస్ వచ్చి విని, టోపీ తీశాడు. మీరు ఎక్కడివారమ్మా, తూరా అని అడిగాడు. ఆవిడ ఇవాళ తెచ్చిన టార్ట్ అతనికి పెట్టనంది.

నవంబరు 21, శుక్రవారం

చదివేటప్పుడు వస్తుంది. పాడేటప్పుడు పోతుంది. పొద్దుటినుంచీ అంతే. రాగం ఎత్తుకోగానే నాలుక ఇంటిదారి పట్టేస్తోంది అంది రోజ్‌లిన్.

మీరు చదివితే చాలదండీ అంది. పాడితే వింటాను. విని వెంట పట్టుకుంటాను. నాకు పాట రాదన్నాను. ఎవరన్నారు అంది. నేనే అన్నాను. ఇంకెవరైనా అన్నారా అంది. ఆలోచించాను. ఎవరూ అనలేదు. ఎవరికీ వినే అవకాశం ఇవ్వలేదు.

రికార్డింగ్ రెండింటికి. ఆవిడ తొమ్మిదికల్లా వస్తుంది.

రేపు ఉదయం పాడతాను.